పంప్‌హౌస్‌కు ఒక సెట్టు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేశాను. ఇప్పుడు చెప్పేది ఏ ఊరి సంగతో చెప్పను. పెన్న పక్కనుండే ఊరని మాత్రం చెప్తాను. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

నేను స్టోర్సు చూసే గుమాస్తాను. బ్లీచింగ్ పొడి మొదలు ట్యూబులైట్ల దాకా ఏది కొన్నా నా రిజిస్టర్లోకి ఎక్కాల్సిందే. ఊరికి నీళ్లు ఏటి ఇసుకలో తవ్విన బావుల నుంచి వచ్చేవి. అక్కడ పంప్‌హౌస్‌లో మోటర్లు వేసేది ఒకాయన. నాకంటే ఐదారేళ్లు పెద్ద. కాంట్రాక్టరు కింద పని. నేను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అప్పా అనేవాడు.

ఆ పల్లంలో ఫోన్ అందదు. పైన డ్యామ్ గేట్లు ఎత్తుతున్నారని ఆఫీసుకు కబురొస్తే ఎవరో ఒకరు బండి మీద పోయి ఆయనకు చెప్పిరావాలి. ఒకసారి అట్లా పోయినవాడు దారిలో టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. మామ నడుము లోతు నీళ్లలో ఎట్లాగో గట్టెక్కాడు. ఆ సాయంత్రం తడిబట్టలతోనే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"పోలీసోళ్ల చేతుల్లో ఉంటాయే మాట్లాడే సెట్లు, అట్లాటిది ఈడొకటి, ఆడొకటి పెట్టీయప్పా. నాకు ఈత రాదు."

అన్నేళ్లు ఏట్లో పనిచేసిన మనిషికి ఈత రాదని నాకు అప్పుడే తెలిసింది. నేర్చుకోవడానికి మాత్రం నీళ్లేవి? మా పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే.

రెండు వాకీటాకీలు కావాలని నోట్ పెట్టాను. ఇంజనీరు చదివి, "రెండేంది? కొనేటప్పుడు అన్ని సెక్షన్లనూ అడగల్ల. రేపు మాకెందుకు లేదంటే ఎవురు చెప్పేది?" అన్నాడు. అడిగాను. అడగడమే నేను చేసిన పాపం. పారిశుద్ధ్యం వాళ్లు ఎనిమిది కావాలన్నారు. అది న్యాయమే, వాళ్ల బండ్లు ఊరంతా తిరుగుతాయి. టౌన్ ప్లానింగ్ వాళ్లు నాలుగన్నారు. పన్నుల సెక్షన్ వాళ్లను మీకెందుకని అడిగితే, "వాళ్లకిస్తాండారు గదా" అన్నారు. ఒక ఆఫీసరైతే ఎంత దూరం పలుకుతుందని అడగలేదు, నడుముకు తగిలించుకోవడానికి క్లిప్పు ఉంటుందా అని అడిగాడు. రెండు కాస్తా ఇరవై నాలుగయ్యాయి.

రెండే అయితే నాలుగు అంగళ్లలో కొటేషన్లు తీసుకుని కొనేసేవాళ్లం. ఇరవై నాలుగంటే టెండరు పిలవాలి. మొదటిసారి ఒక్కడే వచ్చాడని రద్దు చేశారు. రెండోసారి ముగ్గురొచ్చారు, అందులో ఒకడు సంతకం పెట్టడం మరిచాడు. అదీ సర్దుకున్నాక, ఊరికే కొని మాట్లాడుకోవడానికి లేదని, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలో ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలని తెలిసింది. ఆ కాగితం కోసం ఒక వానాకాలం దాటిపోయింది. మామ హాజరు పట్టీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా, "మన సెట్టు యాడిదాకా వచ్చిందప్పా?" అనేవాడు. వస్తాంది మామా అనేవాణ్ని.

వచ్చాయి. ఆఫీసు మేడ మీద ఏరియల్ నిలబెట్టారు. ఎవరికెన్ని అనే జాబితా పైనుంచి దిగింది. కుర్చీల వరుసలో రాసిన జాబితా అది. కమిషనర్ మొదలు స్టోర్సు టేబుల్ మీది నా సెట్టు దాకా అందరూ ఉన్నారు, పంప్‌హౌస్ లేదు. ఆఫీసు సొత్తు ఎవరి చేతికిచ్చినా రిజిస్టర్లో పర్మనెంటు ఉద్యోగి సంతకం ఉండాలి. మామది కాంట్రాక్టరు కింద పని, ఆయన సంతకం చెల్లదు. ఆ రూలు నాకు కంఠతా వచ్చు. దాన్ని పట్టుకునే ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను.

"అడిగింది నేనే గదప్పా," అన్నాడు మామ.

"రూలు మామా, నేనేం చేసేది," అన్నాను. ఆయన హాజరు పట్టీ నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తీసుకున్న వాళ్లందరికీ నేను చెప్పిన మాట ఒకటే. ప్లాస్టిక్ కవరు చించొద్దు, గీతలు పడనీయొద్దు, ఆడిట్ వాళ్లు వస్తే కొత్తదాని మాదిరే చూపించాలి. నా మాట బాగా విన్నారు. నెల తిరక్కుండానే సెట్లన్నీ సొరుగుల్లోకి, బీరువాల్లోకి చేరిపోయాయి.

తర్వాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం గేట్లు ఎత్తుతున్నారని కబురొచ్చింది. బండి మీద పోయే మనిషి సెలవులో ఉన్నాడు. ఊళ్లో ఇరవై నాలుగు సెట్లున్నాయి, చెప్పాల్సిన చోట ఒక్కటీ లేదు. నా స్కూటర్ తీశాను. గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నా మోటర్ల మోతలో ఆయనకు వినపడలేదు. చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో దిగాను. నా వయసుకూ నా ఒంటికీ అది చిన్న నడక కాదు. భుజం మీద చెయ్యి వేస్తేగానీ ఆయన తిరగలేదు.

మోటర్లు ఆపి ఇద్దరం వెనక్కి వస్తుంటే నీళ్లు మోకాళ్లకు తగిలాయి. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టు ఎక్కేదాకా వదల్లేదు.

"నీకొచ్చునా ఈత?" అన్నాడు పైకొచ్చాక.

"రాదు."

"ఇంకేం, ఇద్దరమూ పోయుంటిమి," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రూలు రాసింది నేను కాదు, నిజమే. కానీ అందులోనే దారి ఉందని నాకు మొదటి రోజే తెలుసు. పర్మనెంటు ఉద్యోగి సంతకం కావాలి, అంతే కదా. నేనూ పర్మనెంటు ఉద్యోగినే. సెట్టు పోతే నా మెడకు చుట్టుకుంటుందని ఊరుకున్నాను.

మర్నాడు పన్నుల సెక్షన్ బీరువాలోంచి ఒక సెట్టు వెనక్కి తీసుకుని, నా పేరున రాసుకుని, సంతకం పెట్టి మామ చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న వేశాడు.

"ఆ పక్క ఎవురుంటారప్పా?"

ఇంతమందిమి ఇన్ని కాగితాలు రాశాం, ఈ ప్రశ్న ఒక్కడికీ తోచలేదు. "నేనుంటా మామా," అన్నాను. నా సెట్టు కవరు చించి టేబుల్ మీద పెట్టుకున్నాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అయిదుకు, "అప్పా, మోటర్లు ఆపినా, ఇంటికి పోతాండా," అనేవాడు. "సరే మామా," అనేవాణ్ని. రెండు వానాకాలాలు కబురు అందకపోవడమనేదే లేదు. ఆ అయిదు గంటల మాట కోసం నేను ఎదురుచూసేవాణ్నని ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు.

రిటైరయ్యాను. నా కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది, బుద్ధిమంతురాలు. రిజిస్టరు చూసి ప్రతి వస్తువూ లెక్క సరిచూసుకుని, పంప్‌హౌస్ సెట్టు కూడా తన పేరున మార్చుకుంది. దండలు, ఫోటోలు, వెళ్లొస్తాననడాల సందడిలో టేబుల్ మీది సెట్టు దేనికో ఆమెకు సరిగ్గా చెప్పలేదు. పులివెందులలో సొంతింటికి వచ్చేశాను.

పదిహేను రోజులకు వానలు పట్టుకున్నాయి. ఏమీ తోచక ఆమెకు ఫోన్ చేశాను. సెట్టు పనిచేస్తోందా అమ్మా అని అడిగాను.

"మీరు పోయిన రోజే బీరువాలో పెట్టేసినా సార్. శానా భద్రంగా ఉంది," అంది, నేను మెచ్చుకుంటానని.

ఆమెను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. గడియారం చూస్తే అయిదు కావస్తోంది. "బయటికి తియ్యి తల్లీ. ఛార్జర్లో పెట్టి ఆన్ చెయ్యి. నేను ఫోన్లోనే ఉంటా," అన్నాను. తాళాల చప్పుడు వినపడింది. కాసేపు గరగర. ఆ తర్వాత, దూరంగా, ఆయన గొంతు.

"అప్పా, మోటర్లు ఆపినా. పదైదు దినాలాయ, పిలుస్తానే ఉండా. ఎవురన్నా ఉండారా ఆ పక్క?"

ఆ అమ్మాయి ఫోన్లో గాభరాగా, "సార్, ఏం చెప్పల్ల?" అంది.

"ఉన్నానని చెప్పమ్మా," అన్నాను.