ఎర్రదారం లేని డబ్బా

మా అమ్మాయి పెళ్లిచూపుల్లో పాయసం పాడయింది మా ఆవిడ సత్యవతి వల్ల కాదు, నా వల్ల. ఈ మాట ఇన్నేళ్లూ నేను బయటపెట్టలేదు.

మాది అండమాన్ దీవుల్లోని రంగత్. వానాకాలంలో ఓడలు ఆలస్యమవుతాయని సత్యవతి సరుకులు ముందే కొని ఉంచుతుంది. ఆ ఏడాది, సాయం చేద్దామని వంటింటి అలమర నేను సర్దాను. మా స్టీలు డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి. రొయ్యపొట్టు డబ్బా ఒక్కదానికే గుర్తుగా ఎర్రదారం కట్టి ఉండేది. ఖాళీగా ఉన్న ఆ డబ్బాను దారం తీసేసి, సబ్బుతో బాగా తోమి, అందులో సేమియా పోశాను.

ఆ వారమే మాయాబందర్ నుంచి మగపెళ్లివారు వచ్చారు. ఆ సేమియాతోనే పాయసం చేసింది సత్యవతి; జలుబు వల్ల తనకి వాసన తెలియలేదు. పెళ్లికొడుకు తల్లి ఒక చెంచా తిని ఆగిపోయింది.

"అరే వదినగారూ, మీ ఇంట్లో పాయసంలో కూడా రొయ్యలేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సత్యవతి మాత్రం తల దించుకుని, "జలుబండీ, ఏం కలిపేశానో ఏమో" అంది.

సంబంధం కుదిరింది, పెళ్లీ అయింది. సత్యవతి మాత్రం మళ్లీ పాయసం జోలికి పోలేదు. మొన్న మనవడి అన్నప్రాశనకు కూడా, "మిఠాయి భయ్యా దగ్గర తెప్పించండి. బిడ్డకి నా చేతిది వద్దు" అంది.

ఇక ఉండలేక, వియ్యపురాలి ఎదుటే చెప్పాను.

"సత్యా, రొయ్యపొట్టు డబ్బాలో సేమియా పోసింది నేనే. అందరూ నిన్ను చూసి నవ్వుతుంటే నేనూ నవ్వాను. నన్ను క్షమించు. వీడికి మొదటి ముద్ద నీ చేతి పాయసమే పెట్టు."