పీతల మీద అసూయ

నా భార్య తింటున్నప్పుడు కళ్ళు మూసుకుంటుందని పెళ్ళైన మూడో రోజునే గమనించాను. అత్తవారిది టాటానగర్ రైల్వే క్వార్టర్. ఆ మధ్యాహ్నం మా అత్తగారు నెత్తళ్ళ చేపల పులుసు వడ్డించారు. నేను ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిన్నట్టే ఐదు నిమిషాల్లో ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె ఇంకా మొదటి వాయి దగ్గరే ఉంది. ముద్దను వేళ్ళతో మెత్తగా కలిపి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి, గొంతులోంచి చిన్నగా ‘ఊఁ’ అంది. ఆ శబ్దాన్ని అంతకుముందు ఒకే ఒక్కసారి, పడగ్గదిలో విన్నాను. అది నా ఘనత అనుకున్నాను. నెత్తళ్ళకు కూడా అదే దక్కుతుందని తెలిసి కాస్త చిన్నబోయాను.

నేను ట్రక్కులు తయారయ్యే చోట ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తాను. కొలతకు సరిపోని నట్టునూ బోల్టునూ వెనక్కి పంపడం నా ఉద్యోగం. ఇంటికి వచ్చాక కూడా ఆ చూపు పోదు. మా నాన్నదీ షిఫ్టు ఉద్యోగమే. మా ఇంట్లో భోజనమంటే బస్సు వచ్చేలోగా ముగించాల్సిన పని. కూరలో ఉప్పు లేదని ఎవరైనా అంటే అదే పెద్ద విలాసం. బాగుందని అనడం నేనెప్పుడూ వినలేదు.

ఏడాది తిరిగాక ఊళ్ళోనే కద్మాలో మా సెక్షన్‌లో ఒకతని చెల్లెలి పెళ్ళికి వెళ్ళాం. మటన్ వడ్డించారు. నా భార్య పళ్ళెంలో మూలుగ ఎముక పడింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఒక కొసన పెదవులానించి, తీరిగ్గా జుర్రింది. కళ్ళు మూతపడ్డాయి. ‘ఊఁ’ కూడా వచ్చింది. ఎదురుగా కూర్చున్న మా సూపర్‌వైజరు తినడం ఆపి చూశాడు. “భాభీజీకో నల్లీ బహుత్ పసంద్ హై” అని, వదినగారికి మూలుగంటే మహా ఇష్టమల్లే ఉందన్నట్టు, నావైపు తిరిగి నవ్వాడు. నాకు చెవులు కాలిపోయాయి.

తిరుగు దారిలో స్కూటర్ మీద చెప్పేశాను.

“నలుగురిలో అలాగ తినకు.”

“ఎలాగ?”

“అదే, కళ్ళు మూసుకుని.”

“నా కళ్ళు నాను మూసుకుంటే ఎవులికేటి నష్టం?”

“సూసీవోళ్ళకి వేరేగా ఉంటాది.”

“వేరేగా అంటే?”

మాట కోసం చాలాసేపు వెతికి, చివరికి, “పడగ్గదిలో ఉన్నట్టు,” అన్నాను.

ఆమె వెనక సీట్లో పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. సాక్చీ గోల్‌చక్కర్ కూడలి దాటేసరికి ఆమె కూడా ఆపేసింది.

“సరేలెండి. ఇంక తినను,” అంది.

అన్నమాట నిలబెట్టుకుంది. మర్నాటి నుంచి చెంచాతో తినడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచే ఉండేవి. పులుసయినా పాయసమైనా ముఖం ఒకటే, ఫోన్ బిల్లు చదువుతున్నట్టు. నా మాటకు ఇంత విలువ ఇచ్చే భార్య దొరికినందుకు లోలోపల గర్వపడ్డాను కూడా. కొన్ని నెలలకు పడగ్గదిలో కూడా ఆమె ఎంతో మర్యాదస్తురాలైపోయింది. కాదనేది కాదు. అవునని కూడా తోచేది కాదు. వయసు వస్తే ఎవరైనా అంతే కాబోలనుకున్నాను. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు.

అలా పదకొండేళ్ళు గడిచాయి. కూతురు పుట్టింది, స్కూలుకు వెళ్ళింది, మేము తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేంతైంది. నా భార్య ప్రతి బుధవారం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళొచ్చేది. “అమ్మకి మోకాలు నొప్పి, నూని రాయాల,” అనేది. అన్నేళ్ళు తగ్గని మోకాలి నొప్పి గురించి నాకు ఒక్కసారైనా అనుమానం రాలేదు. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడాను పట్టుకునేవాణ్ణి.

మొన్న వానాకాలంలో ఒక బుధవారం ఫ్యాక్టరీలో లైన్ ఆగిపోయి, మాకు సగం రోజుకే సెలవిచ్చారు. ఆమెను ఇంటికి తీసుకెళ్దామని తిన్నగా అత్తగారి క్వార్టర్‌కి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను.

తల్లీ కూతుళ్ళిద్దరూ నేలమీద కూర్చుని ఉన్నారు. మధ్యలో గిన్నె నిండా పీతల ఇగురు. నా భార్య జుట్టు పైకి చుట్టి ముడేసుకుంది. మోచేతుల దాకా మసాలా. పీత కాలును పళ్ళతో పటుక్కున విరిచి, లోపలి కండను పెదవులతో లాగి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చెమట. తర్వాత ఆ శబ్దం. పదకొండేళ్ళుగా చచ్చిపోయిందనుకున్నది రైల్వే క్వార్టర్‌లో నిక్షేపంగా బతికే ఉంది.

మా అత్తగారు నన్ను చూశారు. మోకాలి నొప్పి మనిషి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు.

“ఓలమ్మో! బాబూ, అలా నిలబడిపోనావేటి? కూకో, అన్నం ఎడతాను.”

నా భార్య కళ్ళు తెరిచింది. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుంది. ముఖంలోకి మళ్ళీ ఆ మర్యాద వచ్చేసింది. నన్ను గుచ్చింది పీతలు కాదు, ఆ తుడుచుకోవడం. ఎవరో అధికారి తనిఖీకి వచ్చినట్టు.

ఇంటికి వచ్చాక అడిగాను. గొంతు నాకే వింతగా వినిపించింది, ఎవరితోనో పట్టుబడిన పెళ్ళాన్ని నిలదీస్తున్నట్టు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏటి ఎన్నాళ్ళు?”

“ఈ పీతలు.”

“మీరు తినొద్దన్న కాణ్నించి.”

“నాను తినొద్దన్లేదు. నలుగురిలో అలాగ తినొద్దన్నాను.”

“నలుగురు ఎక్కడున్నారు? అమ్మొక్కర్తే కదా.”

“మరి మనింట్లో? ఇక్కడా నలుగురు లేరు కదా.”

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు.

“మీరున్నారు,” అంది.

ఆ తర్వాత రెండు రోజులు క్యాంటీన్‌లో తిన్నది ఏమిటో కూడా గుర్తులేదు. నిజానికి అంతకుముందు తిన్నదీ గుర్తులేదు.

ఆదివారం పొద్దున్నే నేనొక్కణ్ణే బజారుకు వెళ్ళాను. చేపలవాడు “నర్ లేంగే యా మాదా?” అని అడిగాడు. పీతల్లో ఆడా మగా చూసి కొంటారని నాకు తెలియదు. తెలిసినవాడిలా తలూపి, చూడ్డానికి పెద్దగా ఉన్నవి తెచ్చాను. నా భార్య ఒకదాన్ని తిప్పి, పొట్ట మీద బొటనవేలితో నొక్కి చూసింది.

“ఇనస్పెట్రుగారూ, దీన్లో కండ నేదు. ఒట్టి నీళ్ళే.”

“తిప్పి పంపీమంటావా?”

“వొద్దులెండి. మా అమ్మొక్కర్తి తప్ప నాకు పీతలు తెచ్చినోళ్ళెవులున్నారు!”

వండింది. ముగ్గురం నేలమీద కూర్చున్నాం. నేను కాలును ఎటు విరవాలో తెలియక పప్పుగుత్తితో కొట్టబోయాను. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక, “పాపా, ఐసే నహీఁ! చూసియే!” అని, అలా కాదు పీల్చాలంటూ తనే జుర్రి చూపించింది. ఆ పిల్లకు ఇంత చక్కగా ఎలా వచ్చిందో అడగలేదు. స్కూలుకు సెలవొచ్చిన బుధవారాల్లో తల్లి వెంట తనూ వెళ్ళే ఉంటుంది.

నా భార్య ఒక కాలు విరిచి, కండ బయటకు తీసి, నా నోటికి అందించింది.

“కళ్ళు మూసుకోండి.”

నాకు సిగ్గేసింది. పెళ్ళైన కొత్తలో దీపం ముందు చొక్కా విప్పడానికి కూడా అంత సిగ్గుపడలేదు. చివరికి మూసుకున్నాను. ముందు కారం తెలిసింది. తర్వాత అల్లం. ఆ రెండూ తగ్గాక అడుగున ఎక్కడో సన్నటి తీపి. ఉప్పు నీటి వాసనతో కలిసిన తీపి. నేను పుట్టిన ఈ నలభై రెండేళ్ళుగా ఇది ఊళ్ళోనే దొరుకుతోందన్నమాట. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. కళ్ళు తెరిచేసరికి తల్లీ కూతుళ్ళిద్దరూ తినడం మానేసి నన్నే చూస్తున్నారు.

ఆ రోజు నా భార్య కళ్ళు మూసుకోలేదు. తర్వాతి ఆదివారం కూడా లేదు. ఐదో వారమో ఆరో వారమో, రొయ్యల వేపుడు తింటూ, మాట మధ్యలో తనకే తెలియకుండా మూసుకుంది. నేను చూడనట్టు ఫ్యాను వైపు చూశాను. మిగతా మార్పులు కూడా అలాగే నెమ్మదిగా, చెప్పకుండా వచ్చాయి. వాటి వివరాలు ఇక్కడ రాస్తే ఆవిడ ఊరుకోదు.

ఒకసారి ధైర్యం చేసి, “బుధవారం నానూ రానా?” అని అడిగాను. నిజంగానే ఆలోచించి చెప్పింది.

“వొద్దండీ. మీరుంటే మీకు బాగుందా నేదా అని సూత్తా కూకుంటాను. అక్కడ నాను తింతాను, అంతే.”

అలాగేనన్నాను. ఇప్పుడు బుధవారం సాయంత్రం డ్యూటీ దిగాక ఆమెను తీసుకురావడానికి వెళ్తాను. లోపలికి వెళ్ళను, బయటే హారన్ కొడతాను. పదకొండేళ్ళూ ఇంటికి బయలుదేరే ముందు నిమ్మచెక్కతో చేతులు తోముకునేదట, నాకు వాసన తెలియకూడదని. ఈ మధ్య మానేసింది. వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేస్తే, రోడ్డు పొడుగునా షిఫ్టు బస్సుల పొగలోంచి కూడా అల్లం వెల్లుల్లి వాసన వస్తుంటుంది. స్కూటర్ కొంచెం నెమ్మదిగానే నడుపుతాను.