గిల్‌వన్ పక్కన కూర్చున్నవాళ్ళు

సియోల్‌లో సించన్ మెట్రో స్టేషన్ వెనక సందులో, గంటల లెక్కన చిన్న చిన్న గదులు అద్దెకిచ్చే కాఫీ కొట్టొకటి ఉంది. గురువారం మధ్యాహ్నాలు అందులో కిటికీ లేని మూలగది తక్ గిల్‌వన్‌ది. ఉద్యోగాల కోసం తిరిగే నలుగురైదుగురు అక్కడ చేరి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసుకునేవారు. ఇద్దరు బల్లకి అటువైపు మొహం గంటుపెట్టుకుని కంపెనీ పెద్దల్లా కూర్చుంటే, మిగతావాళ్ళు ఇటువైపు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని జవాబులు చెప్పాలి. అలాంటి గుంపులు ఆ పేటలో ఎక్కడ చూసినా ఉంటాయి. కానీ గిల్‌వన్ గుంపుకి ఒక పేరొచ్చింది. అతని పక్కన కూర్చున్నవాళ్ళకి ఉద్యోగం వచ్చి తీరుతుందని.

అది వట్టి మాట కూడా కాదు. కూల్‌డ్రింకుల కంపెనీలో చేరిన తేసిక్, ఓడరేవు ఆఫీసులో చేరిన ఇద్దరు స్నేహితురాళ్ళు, బ్యాంకులో కుదిరిన నత్తివాడు, అందరూ ఆ మూలగదిలోంచి లేచి వెళ్ళినవాళ్ళే. ఉద్యోగం వచ్చినవాడు చివరిసారిగా వేయించిన కోడి పట్టుకొచ్చి అందరికీ పెట్టి వెళ్ళడం ఆ గుంపులో ఆనవాయితీ అయింది. గిల్‌వన్ ఆ కోడి తిని తిని విసిగిపోయాడని తేసిక్ వేళాకోళం చేసేవాడు.

"గురూ, నువ్వెప్పుడు పెడతావు మాకు కోడి?"

"ముందు నువ్వు ఆ కాలు ఊపడం మానరా. అటువైపు కూర్చున్నవాడికి బల్ల వణుకుతోంది," అనేవాడు గిల్‌వన్.

నవ్వేవాడు గాని, ఆ ప్రశ్న అతనికి తగలకపోలేదు. ముప్ఫై మూడు నిండాయి. జేచన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చి, పేరున్నది కాని కాలేజీలో భూగోళం చదివాడు. ఒక సర్వే కంపెనీలో ఒప్పందం మీద పనిచేస్తుండగా అది మూతపడింది. అప్పటినుంచి దరఖాస్తులు, పరీక్షలు, ఇంటర్వ్యూలు. కొత్తగా తీసుకునేవాళ్ళలో తనకన్నా చిన్నవాళ్ళే ఎక్కువైపోతుండడం ఏటేటా కనిపిస్తూనే ఉంది. ఒక్కోచోట ఆఖరి గది దాకా వెళ్ళేవాడు. అక్కణ్ణుంచి ఎప్పుడూ ఒకే రకం కబురు. మీ సామర్థ్యం అమోఘమని, ఖాళీలు పరిమితమని, మీ భవిష్యత్తు బాగుండాలని.

ఇన్ని గదులు చూసినవాడు కాబట్టే అతనికి లోపాలు ఇట్టే కనబడేవి. ఎవరు తలుపు దగ్గర తడబడతారో, ఎవరు వంగి నమస్కరించేటప్పుడు కళ్ళు పైకెత్తుతారో, ఎవరి గొంతు వాక్యం చివర లోపలికి పోతుందో చూడగానే చెప్పేవాడు. చెప్పడంలో ఎకసెక్కం ఉండేది కాదు. అందుకే ప్యో యేరిమ్ అక్కడ నిలబడగలిగింది.

యేరిమ్ మొదటి గురువారం ఒక్క ప్రశ్నకే ఏడ్చేసింది. చదువు అయిపోయాక రెండేళ్ళు ఖాళీ ఉంది కదా, ఏం చేశారు అని, అప్పటికింకా ఉద్యోగం రాని తేసిక్ కంపెనీ గొంతుతో అడిగాడు.

"మా అమ్మమ్మకి బాగాలేకపోతే దగ్గరుండి చూసుకున్నానండి," అంది.

గిల్‌వన్ కాగితపు రుమాళ్ళ పెట్టె ఆమె ముందుకి జరిపాడు. "ఎందుకు ఏడుపు?"

"ఖాళీగా కూర్చున్నట్టే కదా అన్నా. ఏం చెప్పుకోను?"

"మందులెవరు చూశారు?"

"నేనే."

"ఆస్పత్రికి ఎవరు తిప్పారు? ఇంట్లో పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే ఎవరు సర్దారు?"

"నేనే. మా పెద్ద మావయ్య ఇప్పటికీ మాట్లాడడు నాతో."

"మరి ఖాళీగా ఎక్కడున్నావు? ఉన్నది ఉన్నట్టు చెప్పు. తల దించకుండా చెప్పు. అంతే."

ఆ శీతకాలంలోనే యేరిమ్‌కి వంటపాత్రల కంపెనీలో ఉద్యోగమొచ్చింది. కోడితోపాటు అతనికి విడిగా ఒక చిన్న మూకుడు తెచ్చి చేతిలో పెట్టింది. అతను ఉండే అద్దె గదిలో పొయ్యి పెట్టుకోనివ్వరు. ఆ సంగతి చెప్పకుండా తీసుకున్నాడు.

రెండేళ్ళ తరువాత ఆమే ఫోన్ చేసింది. "అన్నా, మా దగ్గర సరుకు రవాణా విభాగంలో తీసుకుంటున్నారు. వయసు పట్టింపు లేదంటున్నారు. నువ్వు దరఖాస్తు పెట్టి తీరాలి."

పెట్టాడు. కాగితాల దశ దాటింది, పరీక్ష దాటింది. ఇంటర్వ్యూకి ముందు జేచన్ వెళ్ళాడు, అక్క చేత జుట్టు కత్తిరించుకోవడానికి. అక్క గిల్‌సుక్ అక్కడి బజారులో ఆడవాళ్ళ క్షౌరశాల నడుపుతుంది. తమ్ముడి తల ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకి ఇష్టముండదు.

"కదలకు. చెవి పోతుంది," అంది కత్తెర ఆడిస్తూ. "ఈసారి ఎంతమందిని తీసుకుంటారు?"

"ఒకర్ని."

"ఆ ఒక్కడూ నువ్వెందుకు కాకూడదు? నీలాంటి పిల్లాణ్ణి పక్కన పెట్టినవాళ్ళు కళ్ళున్న కబోదులు." జుట్టుకి రంగు పెట్టించుకుని తలకి ప్లాస్టిక్ టోపీలతో వరసగా కూర్చున్న ఆడవాళ్ళంతా అవునవునన్నారు. అందులో ఒకామె, తన మేనల్లుడికి ఇరవై ఆరేళ్ళకే కుదిరిందని చెప్పబోయింది. గిల్‌సుక్ అద్దంలోంచి ఒక్క చూపు చూసేసరికి పత్రిక తిరగెయ్యడం మొదలుపెట్టింది.

ఇంటర్వ్యూ రోజు అయిదుగురిని ఒకేసారి లోపలికి పంపారు. గిల్‌వన్ వరసలో చివరివాడు. అందరూ కలిసి వంగి నమస్కరించారు, కలిసే లేచారు. తల ఎత్తేసరికి బల్లకి అటువైపు, నెరిసిన జుట్టు మేనేజరుకీ కళ్ళజోడు ఆవిడకీ పక్కన, యేరిమ్ కూర్చుని ఉంది.

ఆమె మొహంలో రంగు లేదు. అక్కడ కూర్చోవలసిన మనిషికి పొద్దున్నే జ్వరమొస్తే, కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఆమెని పిలిచారు. గిల్‌వన్‌కి అదేమీ తెలియదు. ఎరగనట్టు ఉండాలని మాత్రం క్షణంలో అర్థమైంది. ఆమె కూడా ఎరగనట్టే తల దించి కాగితాలు సర్దుకుంది.

తక్కినవాళ్ళ వంతు అయింది. ఒకడు తడబడ్డాడు. ఒకమ్మాయి మాట మధ్యలో దారి తప్పి నవ్వేసి, క్షమించమని మళ్ళీ మొదలుపెట్టింది. గిల్‌వన్ తన గురించి చెప్పవలసింది ఎక్కడా ఆగకుండా, తొందరపడకుండా చెప్పాడు. మేనేజరు తల ఊపి పక్కకి చూశాడు. యేరిమ్ అడగవలసిన వంతు.

"తక్ గిల్‌వన్ గారూ," అంది. "ముందు ఉద్యోగం వదిలాక చాలా కాలం ఖాళీ కనిపిస్తోంది. ఆ కాలంలో మీరు ఏం చేశారు?"

అడిగి అతని కళ్ళలోకి చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆ చూపు బతిమాలుతోంది. గిల్‌వన్‌కి అది తెలిసింది. నలభైమందిని ఉద్యోగాలలో కూర్చోబెట్టానండీ, వాళ్ళలో ఒకరు ఈ గదిలోనే ఉన్నారు అని చెప్పాలా? ఆ వెనకే రాబోయే ప్రశ్న కూడా అతనికి తెలుసు. మరి మీకెందుకు రాలేదు? దానికి ఏ గురువారమూ జవాబు దొరకలేదు.

అందుకని బట్టీపట్టిన జవాబే చెప్పాడు. సరుకు రవాణా లెక్కల చదువొకటి పూర్తిచేశాననీ, వృద్ధుల కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేశాననీ, ఓర్పు నేర్చుకున్నాననీ. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎక్కడా తొణకలేదు.

మేనేజరు కలం మూత పెట్టాడు. "బాగా చెప్పారు," అన్నాడు. తరువాత మర్యాదగానే, "ఇదివరకు చాలాచోట్ల చెప్పినట్టున్నారు," అన్నాడు.

కళ్ళజోడు ఆవిడ చిన్నగా నవ్వింది. గిల్‌వన్ కూడా నవ్వాడు. అక్కడ నవ్వాలని అతనికి తెలుసు.

కబురు వారం తిరక్కుండా వచ్చింది. అమోఘమైన సామర్థ్యం, పరిమితమైన ఖాళీలు. మాట మధ్యలో దారి తప్పిన అమ్మాయిని తీసుకున్నారు. ఆ సాయంత్రమే యేరిమ్ ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు నాకు తెలుసని చెబుదామనే అనుకున్నా. నోరు పెగల్లేదు. ఆ కుర్చీలో కొత్తదాన్ని కదా, తిడతారని భయపడ్డా."

"చెప్పకపోవడమే మంచిది. చెబితే నీకు మాట వచ్చేది."

"నేను అన్నిటికీ నిండా మార్కులేశాను. నావి లెక్కలోకి రాలేదు."

"అది సరే. ఎక్కడ తప్పాను చెప్పు," అన్నాడు గిల్‌వన్. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు గురువారం గొంతే. "తలుపు దగ్గరా? కూర్చోవడంలోనా? చివరి జవాబు పొడుగైందా?"

"ఏం తప్పలేదన్నా."

"మొహమాటపడకు. నేను నీకు చెప్పలేదూ, అలాగే చెప్పు."

"నిజంగా ఏం తప్పలేదు. అందరికన్నా నువ్వే బాగా చేశావు. నువ్వు వెళ్ళాక మేనేజరు గారు కూడా అన్నారు, వంక పెట్టడానికి లేదని. కానీ తీసుకోవాలనిపించట్లేదన్నారు. ఎందుకో చెప్పలేదు. ఎవరూ అడగలేదు."

గిల్‌వన్ సరేనన్నాడు. తప్పు ఏదైనా ఉంటే గురువారం దాకా కూర్చుని దిద్దుకునేవాడు. లేని తప్పుని పట్టుకుని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. ఫోన్ పెట్టేసి, గదిలో నిలబడ్డచోటే నిలబడ్డాడు. గోడకి తగిలించిన సూటు అద్దెది, మర్నాడు ఇచ్చెయ్యాలి. దాని భుజం మీద దుమ్ము లేదు, అయినా దులిపాడు.

యేరిమ్ ఊరుకోలేదు. ఇంత బాగా నేర్పేవాడు నేర్పే పనే ఎందుకు చెయ్యకూడదని, ఇంటర్వ్యూలకి తర్ఫీదు ఇచ్చే శిక్షణ కేంద్రం ఒకదాని చిరునామా పంపింది. వాళ్ళకి మాస్టారు కావాలట. గిల్‌వన్ వెళ్ళాడు. కేంద్రం యజమాని పంగ్ సాంగ్‌హో హుషారైన మనిషి. అక్కడున్న ఇద్దరు విద్యార్థులకి గిల్‌వన్ చేత ఇంటర్వ్యూ చేయించి, చప్పట్లు కొట్టినంత పనిచేశాడు.

"మాస్టారంటే మీరే మాస్టారు! మా వాళ్ళెవరికీ ఇంత కన్ను లేదు. రేపే ప్రకటన వేయిద్దాం. మీ ఫొటో కింద ఏం రాయమంటారు? ఏ కంపెనీలో సెలక్టయ్యారు మీరు?"

గిల్‌వన్ చెప్పాడు.

పంగ్ మొహంలో నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. మంచివాడే. పాపం, టీ పోయించాడు. "తప్పుగా అనుకోకండి. పిల్లలు డబ్బు కట్టేముందు అడిగేది అదొక్కటే. నేనేం చెప్పను వాళ్ళకి? ఎక్కడైనా సరే, చిన్న కంపెనీ అయినా సరే, ఒకసారి సెలక్టయి రండి. మర్నాడే తీసుకుంటాను."

"ఎక్కడైనా సెలక్టయితే మీ దగ్గరికి ఎందుకొస్తానండి?" అన్నాడు గిల్‌వన్. ఎగతాళికి అన్నది కాదు. పంగ్‌కి కూడా అది న్యాయంగానే తోచింది. ఇద్దరూ టీ తాగారు.

వసంతం చివర్లో గిల్‌వన్ ఊరి అంచున పార్సెల్ గోదాములో పనికి కుదిరాడు. అక్కడ ఇంటర్వ్యూ లేదు. తలుపు దగ్గర బల్ల వేసుకున్న మనిషి తల ఎత్తకుండా, "చెప్పుల సైజెంత?" అన్నాడు. గిల్‌వన్ నడుం నిటారుగా చేసి, మోకాళ్ళు దగ్గర పెట్టి, అతని కనుబొమల మధ్య చూస్తూ స్పష్టంగా చెప్పాడు. ఆ మనిషి ఒకసారి వింతగా చూసి, ఇనుప ముక్కు బూట్లు తోశాడు. కాసేపటికల్లా గిల్‌వన్ కదిలే పట్టీ పక్కన నిలబడి, దాని మీద వచ్చే పెట్టెలు ఊళ్ళవారీగా వేరుచేస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్క ఫోన్ చేసింది. వెనక జుట్టు ఆరబెట్టే యంత్రాల హోరు.

"ఏం చేస్తున్నావురా? తిన్నావా?"

"తింటున్నా అక్కా. పనిలో ఉన్నా."

"పనిలోనా? పనిలో అంటే?"

"ఇవాళే చేరాను."

అది పార్సెల్ గోదాము అని, ఏ రోజు కూలి ఆ రోజుదని తరువాతి మాటగా చెప్పాలనుకున్నాడు. కానీ అవతల ఏదో కింద పడిన చప్పుడైంది. "మా తమ్ముడికి ఉద్యోగం వచ్చిందే!" అని గిల్‌సుక్ కేక. యంత్రాలు ఒకటొకటిగా ఆగాయి. ఆడవాళ్ళు గోలగోలగా చప్పట్లు కొట్టారు. మేనల్లుడున్న ఆవిడ గొంతు కూడా అందులో వినిపించింది, చల్లగా ఉండమని.

"అక్కా, ఒకసారి విను," అన్నాడు గిల్‌వన్.

"వింటున్నానురా, చెప్పు, చెప్పు," అంటోంది అక్క. ఏడుస్తోంది. "నాకు తెలుసు, చెప్పలేదూ నేను? మెడలో వేసుకునే ఆఫీసు కార్డు ఇచ్చారా? ఫొటో తీసి పంపరా. వీళ్ళందరికీ చూపించాలి."

గిల్‌వన్ కిందికి చూసుకున్నాడు. గోదామువాళ్ళిచ్చిన పసుపు రంగు చేతుల్లేని కోటు మీద నిన్నటి మనిషి ఎవరిదో నంబరు ఉంది.

"పంపుతాలే," అన్నాడు. "ఇంకా ఇవ్వలేదు. పంపుతా."

పట్టీ కదలడానికి ముందు మోగే గంట మోగింది. అతను ఫోన్ జేబులో వేసుకుని, చేతితొడుగులు తగిలించుకుని వెళ్ళి తన చోట నిలబడ్డాడు.