రంగు మారని గుళికలు

మనుషుల చెవికి అందని శబ్దాన్ని కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగుతుందో కొలవడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు కొలిచారు. కాలేజీ అంతటికీ ఆయన గొట్టం బాబాయి. నేను చెప్పేది వినపడదు గానీ ఎవరికీ వినపడనిది ఈయనకి కావాలని భార్య వాదన.

గాజుగొట్టంలో ఒక చివర స్ఫటికం శబ్దం పుట్టిస్తుంది. రెండో చివర ఉన్న పలకను మర తిప్పుతూ వెనక్కి జరపాలి. జరిపేకొద్దీ మీటరు ముల్లు లేస్తూ పడుతూ, లేచిన ప్రతిసారీ కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలే వాయువు మింగిన శబ్దం. వాయువులో ఆవగింజంత తేమ ఉన్నా కొలత కొంప మునుగుతుంది. అందుకే ముందుగా దాన్ని నీలం గుళికల సీసాలోంచి పంపుతారు. తేమ తాగిన గుళికలు గులాబీ రంగుకు మారతాయి. అప్పుడు పని ఆపి వాటిని ఓవెన్‌లో ఎండబెట్టాలి.

నాలుగేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు గుళికల కొత్త సంచి కొనిచ్చారు. ఆ గుళికలు ఒక్కనాడూ గులాబీ కాలేదు. బాబాయి దాన్ని తన నిష్ఠకు దక్కిన ఫలంగా భావించి, ఎంతో వినయంగా అందరికీ చెప్పుకున్నారు.

రిటైర్మెంటుకు మూడు రోజుల ముందు, సీసా తుడుస్తుంటే గుళికల మీద నీళ్ళు ఒలికాయి. ఆయన మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చున్నారు. నీలం చెక్కుచెదరలేదు. బీరువాలోని ఖాళీ సంచి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అడుగున చిన్న అక్షరాలు చదివారు: చేపల తొట్టె అలంకరణకు.

పాత అంకెలకూ ఈ నాలుగేళ్ళ అంకెలకూ తేడా ఎందుకొచ్చిందో వివరిస్తూ ఒకమ్మాయి రెండు వందల పేజీల థీసిస్ రాసింది. సోమవారం సమర్పించాలి. బాబాయి నోరు మూసుకుంటే మూడో కంటికి తెలియదు. ఆయన వెళ్ళి సీసా ఆమె బల్ల మీద పెట్టి, ఉన్నదంతా చెప్పేశారు.

ఆమె సీసా చేతిలోకి తీసుకుని, "నాలుగేళ్ళు బాబాయ్," అంది.

"అవునమ్మా."

"కనీసం చేపలైనా లేవు."

ప్రొఫెసరుగారు మళ్ళీ కొలవమని ఆరు నెలల గడువిచ్చారు. జీతం లేకుండా వచ్చి కొలిచిపెడతానని బాబాయి అర్జీ పెట్టుకున్నారు. రిటైరైనవారు పరికరాలను తాకరాదని, ఆ సంచి కొన్న ఆఫీసే, ఎంతో జాగ్రత్తగా జవాబిచ్చింది.

ఇప్పుడాయన రోజూ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంటారు. లోపల మర కిర్రుమంటుంది. అది అందరికీ వినపడే శబ్దమే. ఆ అమ్మాయి దాన్ని మరీ తొందరగా తిప్పుతోందని, ఆ వేగానికి ముల్లు ఎక్కడిదాకా లేచిందో దొరకదని ఆయనకు గోడ ఇవతలి నుంచే తెలుస్తుంది. చెబుదామని లేస్తారు. కిటికీ గట్టు మీద ఆ నీలం గుళికల సీసా కనిపిస్తుంది.

మళ్ళీ కూర్చుంటారు.