పేరు రాసే ముందు మాస్టారు అడిగేది

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆయనే ఉంటే ఈ కబురుకు కూడా నాలుగు ప్రశ్నలు వేసేవారు కదా అనిపించాక ఏడుపొచ్చింది.

అనకాపల్లిలో మేం చదివిన బడి వరండాలో ఒక బోర్డు ఉంది. విదేశీ యూనివర్సిటీల స్కాలర్‌షిప్ గెలిచిన పాత విద్యార్థుల పేర్లు దాని మీద పసుపు రంగుతో రాసి ఉంటాయి. రాసేది మాస్టారే, రిటైరయ్యాక కూడా. కబురు తెలిసిన రోజే రాసేయమని హెడ్మాస్టర్లు ఎంత తొందరపెట్టినా వినేవారు కాదు. గెలిచినవాళ్ళు వెళ్ళి, తిరిగొచ్చి, ఆయన ఎదుట కూర్చుని అక్కడ చూసింది చెప్పాలి. అప్పుడే కుంచె పట్టేవారు.

"ముందే రాసెత్తే, వచ్చేక నాకెవరు సెప్తారయ్యా?" అని ఆయన వాదన.

ఆయనకు ప్రతిదీ వింతే. దారిలో ఎక్కడైనా బెల్లం వండుతుంటే చాలు, ఆయన స్కూటరు ఆగిపోయేది. "పాకం రంగు ఎన్నిమార్లు మారిందో సూసేవేటి?" అని వండేవాళ్ళనే అడిగేవారు. వాళ్ళు నవ్వేవారు. ఆయన వెళ్ళిపోయాక వాళ్ళూ పెనంలోకి తొంగిచూసేవారు.

ఆ స్కాలర్‌షిప్ నాకూ వచ్చింది. బడిలో దండ వేశారు, పేపర్లో ఫొటో పడింది. ఇంగ్లండు వెళ్ళిన మూడు నెలలకే చదువు వదిలేసి వచ్చేశాను. జబ్బేమీ కాదు. భయం, బెంగ. క్లాసులో నోరు పెగిలేది కాదు, గదిలో అన్నం సయించేది కాదు. వచ్చాక మా ఊరు కొండకర్లలో ఇల్లు దాటి బయటికే రాలేదు. బడి వైపు వెళ్ళాలంటే తల కొట్టేసినట్టుండేది.

నెల తిరక్కుండా మాస్టారే స్కూటరేసుకొచ్చారు.

"వచ్చి ఇన్నాళ్ళయింది, నాకు సెప్పలేదేటమ్మా?"

"నా పేరు రాయకండి మాస్టారూ. నేను పారిపోయొచ్చేసేను."

"అది తర్వాత. అక్కడేటి సూసేవు?"

ఏమీ చూడలేదన్నాను. ఆయన కదల్లేదు. అమ్మ ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నారు. చివరికి, చలికి అక్కడి చెరువు గడ్డకట్టిందనీ, ఆ సంగతి తెలియని ఒక బాతు దాని మీద వాలి బారెడు దూరం జారిపోయిందనీ చెప్పాను.

"బాతు జారిపోయిందా!" మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. "కాళ్ళు ముందుకెల్లేయా, పక్కకెల్లేయా? లేసేక ఎవులైనా సూసేరేమోనని అటూ ఇటూ సూసిందా? ఆ మంచు తెల్లగుందా, నీలంగుందా?"

చీకటి పడేదాకా వదల్లేదు. బాతు బొమ్మ కూడా గీయించారు. ఇంటికొచ్చాక నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే.

వారం తిరిగేసరికి బోర్డు మీద నా పేరుంది. చదువు మధ్యలో మానేసినదాని పేరెందుకని బడి కమిటీవాళ్ళు గొడవ పెట్టారట. "నెగ్గింది నెగ్గినట్టే. ఎల్లింది, సూసింది, వచ్చి సెప్పింది. ఇంకేటి కావాలి?" అన్నారట ఈయన. ఆ మాట పట్టుకునే నేను మళ్ళీ నలుగురిలోకి రాగలిగాను. ఇప్పుడు పిల్లలకు సైన్సు చెబుతున్నాను. కనబడినప్పుడల్లా దండం పెట్టబోతే, "సర్లేమ్మా, ఇంతకీ ఆ బాతు మళ్ళీ ఎగిరిందా?" అనేవారు. ఎంత రుణపడి ఉన్నానో ఆయనకు చెప్పనే లేదు.

చివరిచూపు చూసుకుని వస్తూ బడి దగ్గర ఆగాను. వానజల్లు కొట్టి పేర్లన్నీ వెలిసిపోయాయి, నాది తప్ప. వాచ్‌మన్ దగ్గరికొచ్చాడు.

"పోయిన నెల మాస్టారొచ్చేరమ్మా. సెయ్యి వణికిపోతంది, వద్దన్నా ఇన్లేదు. 'మిగతా పేర్లు ఎవులైనా రాత్తారు, ఈ పిల్లది నేనే రాయాల' అన్నారు."

దగ్గరికెళ్ళి చూశాను. అక్షరాలు వంకరపోయాయి. ఆఖరి అక్షరం నుంచి కారిన పసుపు రంగు బోర్డు అంచుదాకా వచ్చి ఎండిపోయి ఉంది.