నిన్ననే వచ్చానన్నాను

నేను రాస్తున్న ఈ కాగితాలకు వెనకవైపు ఇంగ్లీషులో అచ్చు ఉంది. నాకది చదవడం రాదు. నా చదువు ఐదో తరగతి, అదీ విజయనగరం దగ్గర మా ఊళ్లో. పెళ్లయ్యి భిలాయి వచ్చాక తెలుగు రాయాల్సిన అవసరమే పడలేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి.

ఈ కాగితాలు ఒక పైలట్‌వి. స్మృతి నగర్‌లో వాళ్ల ఇంట్లో నేను వంట చేసేదాన్ని. మొదట వాళ్లమ్మగారి దగ్గర చేశాను. ఆవిడా, ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైన వాళ్లాయనా ఇద్దరూ పోయాక ఆ ఇంటికి తాళం పడింది. తాళంచెవి నా దగ్గరే ఉండేది. వారానికోసారి వెళ్లి కిటికీలు తీసి, దుమ్ము తుడిచి వచ్చేదాన్ని.

నేను ఉండేది హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వైపు, ఒక్క గది. నా భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. చుట్టుపక్కల గదుల్లో వాళ్లు మంచివాళ్లే, కానీ పని ఉన్నన్నాళ్లు ఉండి పోతారు. పేర్లు అలవాటయ్యేలోపు మనుషులు మారిపోతారు. వాళ్లందరితో హిందీయే. తెలుగు మాట్లాడాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి. గిన్నెలు తోముతూ మాట్లాడుకుంటాను కూడా.

అలాంటప్పుడు, వానాకాలం మొదట్లో, ఒక్క పెట్టెతో ఆ పైలట్ అబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దగ్గర పడుతున్నాడు. భార్య లేదు, విడిపోయారు. వంటకి రమ్మని ఫోన్ చేశాడు. వెళ్లాను.

“సెలవా బాబూ?” అన్నాను.

“సెలవే పిన్నీ. ఎన్ని రోజులో తెలీదు.”

ఇక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి అతనికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. అయినా నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. పొద్దున వెళ్లి టీ పెట్టి, లాల్ భాజీ, అదే ఎర్ర తోటకూర, వేసి పప్పో, దొండకాయ వేపుడో చేసి, మధ్యాహ్నం దాకా ఉండేదాన్ని. పని గంటలో అయిపోయేది. మిగతా టైమంతా ఏదో ఒకటి తుడుస్తూ ఉండిపోయేదాన్ని. తుడిచిందే తుడుస్తున్నానని అతనికీ తెలుసు. ఏమీ అనేవాడు కాదు. నన్ను కింద కూర్చుని తిననిచ్చేవాడు కాదు. ఎదురుగా కుర్చీ లాగేవాడు.

రోజూ ఎవరితోనో ఫోన్‌లో ఇంగ్లీషులో గంటలు గంటలు మాట్లాడేవాడు. ఫోన్ పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. పదిహేను రోజులు చూసి ఉండబట్టలేక అడిగేశాను.

“ఏటి బాబూ, ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?”

“అది తేల్చడానికే కేసు, పిన్నీ.”

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. విమానాల కంపెనీ ఒక దేశానిది. అతన్ని ఉంచింది వేరే దేశంలో. అక్కణ్నుంచే ఆరేళ్లు ఆ కంపెనీ విమానాలు నడిపాడు. సొంత దేశం పైలట్లు కంపెనీ మనుషులు. బయటి దేశాల్లో ఉంచిన ఇతనిలాంటి వాళ్లు ఏజెన్సీ మనుషులు. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే విమానం నడుపుతారు. ఒంట్లో బాగోకపోతే ఆ సీటాయనకి సెలవు ఉంటుంది, ఈ సీటాయనకి ఉండదు. విమానాలు తగ్గించినప్పుడు ఆ సీటు వాళ్లు ఉన్నారు, ఈ సీటు వాళ్లను పంపేశారు. అందుకని బయట దేశాల పైలట్లందరూ కలిసి కంపెనీ మీద కేసు వేశారు. మేమూ మీ ఉద్యోగులమే, కాదని చెప్పడం చట్టం ఒప్పుకోదు అని.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఏజెన్సీ వాళ్లు అతని చేత అతని పేరు మీదే ఒక చిన్న కంపెనీ పెట్టించారట. కాగితాల్లో అతను ఆ కంపెనీ మనిషి.

“అంటే నీకు నువ్వే ఠేకేదారువా?” అన్నాను. కాంట్రాక్టరుని ఇక్కడ అలాగే అంటాం.

ఇంటికి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

“హాఁ పిన్నీ. నేనే ఠేకేదారు, నేనే లేబర్.”

“మరి హాజరు రాసే మున్షీ ఎవుడు?”

“మున్షీ కూడా నేనే. పొద్దున లేచి నన్ను నేనే తిట్టుకుంటా, లేట్ అయిందేంట్రా అని.”

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్లయిందో. గదికి తిరిగి వెళ్లాక కూడా, నీళ్లు పట్టుకుంటూ, మున్షీ కూడా నేనే అన్న మాట తలుచుకుని నవ్వుకున్నాను. పక్క గది ఆమె వింతగా చూసింది.

తర్వాత ఏజెన్సీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఫోన్‌లోనే వచ్చింది. దుకాణానికి వెళ్లి మూడు కాపీలు తీయించి బల్ల మీద పెట్టాడు, పక్కనే పెన్ను. చదివి నాకు చెప్పాడు. నేను మొదటి రోజు నుంచీ ఏజెన్సీ మనిషినే, ఈ కంపెనీకీ నాకూ ఎప్పుడూ సంబంధం లేదు, కేసులోంచి తప్పుకుంటున్నాను అని సంతకం చెయ్యాలి. చేస్తే వచ్చే నెల మొదటి తారీకు నుంచి కొత్త ఒప్పందం. మళ్లీ విమానం ఎక్కొచ్చు.

“చాలామంది చేసేస్తున్నారు పిన్నీ. నేనూ చేసెయ్యనా?”

“పప్పు సల్లారిపోతంది. ముందు తిను బాబూ” అన్నాను.

నాకు ముందు తోచింది అతని సంగతి కాదు. సంతకం పెడితే వెళ్లిపోతాడు, మళ్లీ తాళం పడుతుంది అని తోచింది. గదికి వచ్చి పడుకున్నా అదే. వద్దని చెప్తే ఉంటాడు. కుర్చీ లాగేవాడు ఉంటాడు. ఇలా ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. కానీ ఆగలేదు.

ఆ ఆలోచన వెనకే నా పాత సంగతి కూడా కదిలింది. మర్నాడు వెళ్లి అది అతనికి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

నా భర్త పోయాక హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పదకొండేళ్లు చేశాను. పోత పోసిన ఇనుప ముక్కలు చల్లారాక వాటి అంచులు గీకి నున్నగా చెయ్యడం మా ఆడవాళ్ల పని. ఫ్యాక్టరీ మనుషులకి ఒక రంగు కార్డు, మా ఠేకా వాళ్లకి ఇంకో రంగు. ఏడాదికోసారి ఠేకేదారు పేరు మారేది. మున్షీ మాత్రం అతనే. పాత కార్డు లాక్కుని కొత్త తేదీ వేసిన కార్డు ఇచ్చేవాడు. అలా ప్రతి ఏడూ మేము కొత్తగా చేరేవాళ్లం.

ఒక రోజు లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. పాతవాళ్లని పర్మనెంట్ చెయ్యాలని ఎవరో అర్జీ పెట్టారట. ఆయన వస్తాడని మాకు ముందురోజే తెలిసింది. పొద్దున్నే మున్షీ మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఎవరడిగినా నిన్ననే చేరామని చెప్పండి, లేకపోతే రేపట్నుంచి గేటు దగ్గరే ఆగిపోతారు అన్నాడు. వరసలో మొదట ఉన్నది నేను. నా వెనకాల ఒక ఛత్తీస్‌గఢీ ఆమె. నిజం చెప్పేస్తానని ఆమె రాత్రంతా అనుకుని వచ్చింది. నాతో కూడా చెప్పింది. నువ్వు మొదలుపెట్టు దీదీ, నీ వెనక నేను అంటాను అంది. సరేనన్నాను.

ఆయన నా దగ్గర ఆగి, “కిత్నే దిన్ సే కామ్ కర్ రహీ హో?” అన్నాడు. ఎన్నాళ్ల నుంచి పని చేస్తున్నావు అని.

“కల్ ఆయీ హూఁ సాబ్” అన్నాను. నిన్ననే వచ్చాను అని.

ఆయన నా చేతులు చూశాడు. అరచేతులు నల్లగా, కాయలు కాసి ఉన్నాయి. ఒక్క రోజులో అలా అవవని ఆయనకి తెలుసు. కొంచెంసేపు ఆగాడు. నేను ఇంకేమైనా అంటానేమో అని ఆగాడనుకుంటాను. నేను అనలేదు. నేను చెప్పిందే రాసుకున్నాడు. వెనకాల ఆమె నావైపు చూసి, తనూ నిన్ననే వచ్చానంది. ఆ తర్వాత వరసంతా అదే మాట.

ఆమె నాతో మళ్లీ మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా తీసుకుని నాకు దూరంగా వెళ్లి కూర్చునేది. ఇంకో రెండేళ్లకి నన్ను కూడా రావద్దన్నారు. ఆ లేబర్ ఆఫీసాయన రాసుకున్న కాగితం నకలు చూపించే అన్నారు. నువ్వు చెప్పిందే కదా ఇది అని.

ఇదంతా చెప్పి, “నీ కాగితంలో కూడా కొత్త తేదీయే ఉంది బాబూ. సంతకం ఎట్టీసేవంటే, నిన్ననే వచ్చీసినాను అన్నట్టే” అన్నాను.

అతను బల్ల మీది కాగితం తీసి తేదీ మళ్లీ చదువుకున్నాడు.

“ఉద్యోగం మళ్లీ రాకపోతే, పిన్నీ?”

“అది నాను సెప్పలేను. నాకైతే నిజం సెప్పకపోయినా పోయింది.”

పెన్ను జేబులో పెట్టుకుని మేడ మీదకి వెళ్లిపోయాడు. సంతకం పెట్టలేదు.

కోర్టు వాళ్లు వీడియోలో అడుగుతామన్న రోజు అతని తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. భుజాల మీద పైలట్ పట్టీలు పెట్టుకోలేదు. పైన చొక్కా, కింద నిక్కరు. కంప్యూటర్‌లో కనబడేది పైసగమేగా అన్నాడు. కుక్కర్ కూత పెడుతుందని పొయ్యి ఆపేసి వంటింట్లో కూర్చున్నాను. ఇంగ్లీషు నాకేమీ తెలియలేదు. ఒకచోట మాత్రం “సిక్స్ ఇయర్స్” అన్నాడు. వాళ్లు మళ్లీ ఏదో అడిగారు. మళ్లీ అదే, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. నేను నా అరచేతులు చూసుకున్నాను. ఇప్పుడు మెత్తబడిపోయాయి.

ఆ రోజు అన్నం రెండు గంటలు ఆలస్యమైంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

కేసు ఇంకా తేలలేదు. వాయిదాలు పడుతున్నాయి. ఆ కంపెనీ అతన్ని పిలవలేదు. చలికాలంలో దక్షిణాన ఎక్కడో విమానం నేర్పే బడిలో పాఠాలు చెప్పే పని దొరికింది. వెళ్లిపోయాడు. సంతకం పెట్టినా వెళ్లేవాడు, పెట్టకపోయినా వెళ్లాడు. వెళ్లేముందు ఆ మూడు కాపీలు పారెయ్యమన్నాడు. నేను దాచుకున్నాను. వీటి మీదే రాస్తున్నాను.

మొన్న ఫోన్ చేశాడు.

“పిన్నీ, తోటి పైలట్లు అడిగారు, నీకు ధైర్యం ఎవరిచ్చారని. మా పిన్ని అని చెప్పాను.”

అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నేను నీకోసం చెప్పానో, నువ్వు ఇక్కడే ఉండిపోతావని చెప్పానో నాకే తెలీదు బాబూ అని. ఆ ఆఫీసరు ఆగినట్టే అతనూ ఫోన్‌లో కొంచెంసేపు ఆగాడు.

“అన్నం తిన్నావా?” అన్నాను.

తిన్నానన్నాడు. నువ్వు తిన్నావా అని అడిగాడు. నేను అప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. కిటికీలన్నీ తీసి, ఎదురెదురుగా ఉన్న రెండు కుర్చీలూ తుడిచి, ఒకదాంట్లో కూర్చుని ఉన్నాను. తిన్నానని చెప్పాను. ఇంకా తినలేదు.