తూటా గొట్టం కోసం గూడెం కొత్తవీధి

పొద్దున్న ఐదున్నరకు నర్సీపట్నంలో బస్సెక్కాను. దొరల కాలంలో మన్యంలో జరిగిన పోరు తాలూకు ఇనపముక్కలతో మా ఇంట్లో ఒక గాజు బీరువా నిండిపోయింది. లేనిదల్లా ఇత్తడి తూటా గొట్టం, పేలాక తుపాకీలోంచి రాలే ఖాళీ డొప్ప. అది లేక పదేళ్లుగా నాకు అన్నం సయించడం లేదు. బరువు మాత్రం తగ్గలేదు.

ఘాట్‌రోడ్డులో బస్సు నాలుగొందల మలుపులు తిరిగింది, అందులో మూడొందలు నా కడుపులోనే. పక్కన పనసకాయల బుట్టతో కూర్చున్నావిడ నా భూతద్దం చూసి, "ఏటి బాబూ, పాతసామాన్లు కొంతావా? మా ఇంటికాడ ఓటి బిందుంది," అంది.

తొమ్మిదిన్నరకు గూడెం కొత్తవీధిలో ఇడ్లీ తిని, జీపులో పక్క గూడేనికి వెళ్లాను. అక్కడ నాటుమందులిచ్చే చిలకమ్మ దగ్గర గొట్టం ఉందని విన్నాను. ఉంది!

"మా తాతకి సేలో దొరికినాది. దొర తుపాకీతో కాల్సినోడూ మనోడే, పడ్డోడూ మనోడే. పిల్లల జొరం మందు దీంతోనే కొలుత్తాను. సూడు గాని అడక్కు," అని చేతిలో పెట్టి, అరుగు మీద ఒక తల్లి ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న గుంట కోసం మందు నూరడానికి లోపలికెళ్లింది.

గొట్టం అడుగున నల్లటి మడ్డి ఉంది. మురికి కనిపిస్తే నా చెయ్యి ఆగదు. పిన్నీసుతో మొత్తం గీకేశాను.

చిలకమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "అది మురికి కాదు, మైనం! మా యమ్మ పెట్టిన కొలత. ఇప్పుడు నిండా పోత్తే ఈ గుంట తట్టుకోగలదా? మా సెల్లి కాడ ఇదే కొలతతో ఇంకోటుంది. ఆ కొండెనకాల. బేగి ఎల్లు!"

అది కొండ కాదు, హిమాలయాల పెద్దన్నయ్య. చెల్లెలు గొట్టం ఇవ్వనంది. దాన్నిండా సామలు పోసి, అంచుకి సమంగా తలగొట్టి, ఆ గింజల్ని గుడ్డలో మూట కట్టింది. "ఒక్క గింజ రాలినా కొలత తప్పుద్ది," అంది. నా పెళ్లిలో తాళిబొట్టును కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

తిరిగొచ్చేసరికి పన్నెండయింది. చిలకమ్మ మైనం కరిగించి గొట్టంలో వేసింది, సామలు పోసి చూసింది. మైనం ఎక్కువైతే గీకింది, తక్కువైతే ఇంకాస్త పోసింది. నాలుగోసారికి గింజలు అంచుకి సరిగ్గా సమమయ్యాయి. అప్పుడు మందు కొలిచింది. గుంట మింగి, మొహం చిట్లించి, నా వైపు ఉమ్మింది. మూడింటికి ఒళ్లు చల్లబడి, గంజి అడిగింది.

"గొట్టం ఇయ్యను. ఇయి అట్టుకెళ్లు," అని చిలకమ్మ ఆ సామల్ని మళ్లీ మూట కట్టి ఇచ్చింది.

నాలుగింటి బస్సులో పనసకాయలావిడ సిద్ధంగా ఉంది, ఓటి బిందతో సహా. దాన్ని నా ఒళ్లో పెట్టేసింది. "దొరికినాదేటి బాబూ, నువ్వు ఎతకొచ్చింది?"

"దొరికింది," అన్నాను. నర్సీపట్నం దాకా అన్ని మలుపుల్లోనూ ఒక చేత్తో బిందను పట్టుకున్నాను. రెండో చెయ్యి సామల మూట ఉన్న జేబు మీంచి తియ్యలేదు.